అంకెలలో మన అక్షరమాల

గంజాం మండలమున పురుషోత్తమపురమునకు సమీపమున, ఋషికుల్యా నది చెంత, జౌగడ యను చోట ఒక బండ కలదు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో అశోక చక్రవర్తి కళింగ ప్రజల నుద్దేశించి చెక్కించిన శాసనములు దానిపై నున్నవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. కాలక్రమమున ఆ లిపిని చదువగలవారు లేకపోయిరి. శాసనము నిలిచియున్నది; చదువరి మాత్రము లేడు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అను విద్వాంసుడు బ్రాహ్మిలిపి గుట్టు విప్పిన పిదపనే ఇట్టి శాసనములకు నోరు వచ్చినది. సాంచీ స్తూపమునొద్ద నున్న చిన్న శాసనము లనేకము ఒకే రెండక్షరములతో ముగియుట ఆయన గమనించెను. ఇవి భక్తులిచ్చిన కానుకల గుర్తులై యుండును గనుక ఆ తుదిమాట ‘దానం’ కావలెనని యూహించెను. ఆ యొక్క మాటను పట్టుకొని తక్కిన యక్షరములను రాబట్టెను.

మా ఇంట గూడ అట్టి బండ యొకటి కలదని మాకు ఆలస్యముగా తెలిసినది. అది మా తల్లిగారు మాకు వ్రాసిన తెలుగు కార్డుల కట్ట. పెట్టె సర్దుచున్నప్పుడు మా మనుమడు దానిని తీసి, “తాతా, ఇందులో ఏం రాసుంది?” అని యడిగెను. వానికి ఒడియా, హిందీ, ఇంగ్లీషు లిపులు మూడును వచ్చును. ఇంట మాటలాడునది తెలుగే. అయినను ముత్తవ్వ చేవ్రాత వానికి గీతలుగనే కన్పడినది.

ఇది మా ఒక్క యింటి మాట కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు బరంపురముతో గూడిన గంజాం ప్రాంతము మద్రాసు రాజధాని నుండి విడివడి అందులో చేరెను. సరిహద్దు మారినది గాని మన కుటుంబములు కదలలేదు. ఇరుగుపొరుగుల భాష నేర్చితిమి. ఆ నేర్చుట మనకు మేలే చేసినది. పిల్లలకు బడిభాష ఒడియా, ఉద్యోగభాష ఇంగ్లీషు అయినవి. తెలుగు నోట నిలిచి, చేతినుండి జారుచున్నది. నేటి పిల్లలు చుట్టములకు ఫోనులో తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరములతో కొట్టి పంపుచున్నారు.

ఒడియా అక్షరములు వచ్చిన బాలుని తెలుగు లిపికి చేర్చు దగ్గరదారి యొకటి మాకు దొరకినది. అది కంప్యూటరు అంకెల దారి. ముందుగా దాని పూర్వకథ కొంత చెప్పవలెను.

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గుమాస్తా కొలువున తల నెరసిన వారము. అక్షరమును గుర్తుగా మార్చి పంపవచ్చునని మాకు తొలుత తెలిపినది తంతి. పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ – ఈ రెండింటి కూర్పుతోనే ఊరినుండి ఊరికి వార్త పోయెడిది. శుభాకాంక్షల తంతికి ఫారముపై ఒక అంకె వేసిన చాలును. అవతలి యాఫీసువారు దానికి సరియైన వాక్యమును వ్రాసి ఇచ్చెడివారు. ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. విద్య మాత్రము పోలేదు. మన చేతి ఫోనులో వచ్చి కూర్చున్నది.

కంప్యూటరునకు తెలిసినవి రెండే: ఒకటి, సున్న. మగ్గము చూచిన బరంపురము పిల్లవానికి దీనిని బోధించుట కష్టము కాదు. పట్టుచీర అంచున కుంభము నేయునప్పుడు ప్రతి పోగును లేచుటయో, లేవకుండుటయో జరుగును. లేచిన ఒకటి, లేవకున్న సున్న. ఇట్టి పోగులు ఏడు తీసికొన్నచో 128 విధములుగా అమర్చవచ్చును. 1963లో అమెరికావారు ఏర్పరచిన ‘ఆస్కీ’ పట్టిక ఇట్టిదే. అందు ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ 65, ‘బి’ 66. వారి యక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, యంత్రమునకిచ్చు ఆజ్ఞలు – వీనితోనే ఆ 128 స్థానములు నిండినవి. మన యక్షరములకు చోటు లేకపోయెను.

కొంతకాలము ఒక్కొక్క తెలుగు ఫాంటు తన యిష్టమువచ్చిన అంకెల నిచ్చుకొనెడిది. ఒక సంవత్సరము మేము ఉగాది ఆహ్వానపత్రికను ఒకచోట కొట్టించి, అచ్చునకు వేరొకచోటి కంపితిమి. అచ్చట తెరచిచూడగా ప్రశ్నార్థకములు, కొక్కెములు తప్ప తెలుగు కానరాలేదు. తప్పు మనిషిది కాదు. పంపినవాని పట్టిక ఒకటి, చదివినవాని పట్టిక వేరొకటి. ఇరువురికిని ఒకే పట్టిక లేనిచో ఏ సంకేతమైనను జౌగడ బండయే యగును.

ఈ చిక్కు మన దేశముననే చక్కగా విడినది. ‘ఇస్కీ’ యను భారతీయ పట్టికను 1988లో రూపొందించి, 1991లో జాతీయ ప్రమాణముగా స్వీకరించిరి. దాని మూలసూత్రము మన పెద్దలదే. బ్రాహ్మినుండి పుట్టిన లిపులన్నిటికిని వర్ణక్రమ మొక్కటే: అచ్చులు, పిమ్మట కచటతప వర్గములు. కావున అన్ని లిపులలోని ‘క’కును అందు ఒకే అంక మిచ్చిరి. 1991 అక్టోబరులో వెలువడిన ‘యూనికోడ్’ ప్రపంచపు పట్టిక ఒక్కొక్క లిపికి వేరు వీధి నిచ్చినది గాని, వీధిలోపలి వరుసను 1988 నాటి ఇస్కీనుండియే తీసికొనినది.

ఒక్కొక్క వీధికి 128 ఇండ్లు. ఒడియా వీధి 2816తో మొదలగును. తరువాత తమిళ వీధి. ఆపైన తెలుగు వీధి 3072తో మొదలగును. ఏ వీధిలోనైనను మొదటి యిల్లు సున్న అనుకొని లెక్కించినచో ‘క’ 21వ ఇంటనే యుండును. కావున ఒడియా ‘క’ 2837, తెలుగు ‘క’ 3093. భేదము 256. ‘మ’ కైనను, ‘ర’ కైనను ఆ భేదమే. అనగా మన బాలునకు తెలిసిన ఒడియా యక్షరమునకు 256 కూడినచో తెలుగు అక్షరము వచ్చును!

ఇది తెలిసిననాడు మేము రెండు అట్టలు తీసికొని, వరుసకు పదునారు గడులుగా ఎనిమిది వరుసలు గీసితిమి. ఒకదానిపై ఒడియా, ఒకదానిపై తెలుగు వ్రాసితిమి. మనుమనికిని, వాని స్నేహితులకును వీధి అంకె విడిచి ఇంటి అంకెలు మాత్రమే చీటీలపై నిచ్చితిమి. మొదటి చీటీ: 36, 62, 36. వారు వెదకి ‘తాత’ అని కేకవేసిరి. రెండవది: 5, 46, 77, 46. ఇది ‘అమ్మ’. ఇక్కడ నొక పాఠము కలదు. యంత్రమునకు మకారపు వత్తుకు వేరే యంకె లేదు. మ, పొల్లు, మ – అంతే. మన వత్తుల రహస్యము పిల్లలకు ఈ 77తో తేలికగా బోధపడినది.

చిక్కులును లేకపోలేదు. 14, 18 ఇండ్లలో మనకు హ్రస్వములైన ఎ, ఒ లున్నవి. ఒడియా వీధిలో ఆ యిండ్లు ఖాళీ. అందుచే మన పిల్లలు ‘మెడ’కును ‘మేడ’కును భేదము గ్రహింపరు. 46, 70, 33 మెడ. 46, 71, 33 మేడ. ఒక్క యంకె తేడాతో మెడపై మేడ యెక్కునని చెప్పగా నవ్వి, మరల మరువలేదు. 41వ ఇల్లు రెండు వీధులలోను ఖాళీయే; ఎందుకని యడిగిరి. తమిళమున రెండవ నకారము కలదు, దాని కొరకు ఆ వరుస యిల్లు విడిచినారని చెప్పితిమి.

ఒకనాడు 46, 62 అని చీటీ వ్రాసితిమి. అక్షరము ‘మా’. ఒడియా బాలుడొకడు “తల్లి” అనెను. మా మనుమడు “మనది” అనెను. ఇద్దరిదియు ఒప్పే. అంకె అక్షరము వరకే తెచ్చి విడుచును; అర్థమును భాషయే యియ్యవలెను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు తెలుగు లిపిలో పుస్తకములు వ్రాసి బడులు పెట్టినప్పుడు, ముందుగా వారి భాషను వారి నోటినుండియే నేర్చికొనిరి. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు మా యీ గ్రాంథికమును చూచిన మందలించెడివారే!) లిపి నేర్పుట సగము పని, ఇంట ఆ భాష మాటలాడుట రెండవ సగము.

రెండు నెలలైన పిమ్మట మనుమడు తానే కార్డుల కట్ట తెచ్చుకొనెను. అన్ని కార్డులును ఒకే మాటతో మొదలగుచున్నవని వాడు కనిపెట్టెను. ప్రిన్సెప్ కథ మేము వానికి చెప్పియే యుంటిమి. అట్టలు ముందు పెట్టుకొని ఒక్కొక్క యక్షరమును పోల్చి వ్రాసెను: 26, 63, 48, 2, 28, 64, 53, 63. ఒడియాలో వకారపు పలుకు బకారము వైపు మొగ్గును గనుక తొలుత ‘చిరంజీబి’ అని చదివెను. పిదప తానే ఆగి, “చిరంజీవి! నువ్వు ఉత్తరాల్లో రాసే మాటే కదా తాతా!” అనెను.

ఆ పైమాట మా పేరు. తన తాతను ‘చిరంజీవి’ యని పిలిచిన మనిషి యొకరుండిరని వానికి ఆనాడే తోచినట్లున్నది. తక్కిన పంక్తులకు మరి నాలుగు వారములు పట్టినవి. వర్షములు కురిసినవా, పిల్లల దగ్గు తగ్గినదా, బరంపురము అప్పడములు ఎవరిచేతనైన పంపుమా – ఇంతే యందున్నది. అశోకుని శాసనమంతటి విషయము కాదు. అయినను మా ఇంట దానిని చదువగలవాడు ఇంకొకడు కలిగినాడు.

సమాజ సభ్యులకు మా విన్నపము: రెండట్టలు, ఒక పెన్సిలు, వారమునకు ఒక గంట. మన పిల్లలకు ఒడియా బాగుగా వచ్చుటను లోపముగా నెంచవద్దు; అదే వారికి తెలుగు తలుపు తాళపుచెవి. 256 కూడవలసినది మనము.