ఒక్క పైసా చందా

ఈస్టర్ ఆదివారం నాడు నల్గొండ, పాలమూరు ఊళ్లలో కోడి కూయకముందే క్రైస్తవ కుటుంబాలు సమాధుల తోటకు బయలుదేరతాయి. ముందురోజే గడ్డి పీకి, సున్నం వేసి ఉంచిన సమాధుల మీద బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తెల్లారేలోపే పాటలు మొదలవుతాయి. చనిపోయినవాళ్ల దగ్గర నిలబడి పండుగ చేసుకునే వీళ్లెవరని ఒకప్పుడు ఈ ఊళ్లే ఆశ్చర్యపోయాయి. ఆ ఆశ్చర్యానికి జవాబు చెప్పింది ఎక్కువగా ఇరుగుపొరుగువాళ్లే, అదీ ప్రసంగంతో కాదు, బతుకుతో.

ఈ జిల్లాల క్రైస్తవ చరిత్రను తెల్ల మిషనరీ దొరల చరిత్రగా రాయడం అలవాటైపోయింది. రిపోర్టులు రాసింది వాళ్లు, ఫొటోలు తీయించుకున్నదీ వాళ్లు కాబట్టి వాళ్ల పేర్లే మిగిలాయి. వాళ్లు పడ్డ కష్టాన్ని తక్కువ చేయను. కానీ గూడెం నుంచి గూడేనికి, వియ్యాలవారింటి నుంచి వియ్యాలవారింటికి ఈ విశ్వాసాన్ని మోసుకెళ్లిన కాళ్లు మాత్రం మనవాళ్లవే.

తొలి కాలం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఆర్మేనియా వర్తకులు హైదరాబాద్ ఉప్పుగూడలో సమాధులు మిగిల్చారు. పద్దెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ మద్రాసులో కూర్చుని బైబిలును తెలుగు చేశాడు. ఆయన చలవతోనే 1746లో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు అక్షరాలు అచ్చయ్యాయి. అవేవీ దేవరకొండ గుట్టల దాకా, నల్లమల అంచుల దాకా రాలేదు. ఇక్కడి కథ మొదలయ్యేసరికి 1885 వచ్చింది. ఆ ఏడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చ్యూట్ పాలమూరులో దిగాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద ఆ ఊరు మహబూబ్‌నగర్ అయింది ఆ తర్వాతే.

నల్గొండకు వచ్చిన మనిషి కథ ఇంకా చిత్రమైనది. అబ్రహాం ఫ్రీజెన్ అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న మెనోనైట్ బ్రదరన్ సంఘానికి చెందినవాడు. ఇంట్లో మాట్లాడేది జర్మన్. చదువు హాంబర్గ్‌లోని బాప్టిస్టు సెమినరీలో. రష్యాలోని సొంత సంఘానికి విదేశాలకు మిషనరీలను పంపే ఏర్పాటు లేకపోవడంతో అమెరికన్ బాప్టిస్టుల పేరున, భార్య మరియతో కలిసి 1889లో సికింద్రాబాద్ చేరాడు. మరుసటి ఏడు నల్గొండ వచ్చాడు. రష్యా డబ్బు, అమెరికా సంస్థ, జర్మన్ పలుకు, నిజాం రాజ్యం, తెలుగు మాల మాదిగ గూడేలు, ఇన్ని అక్కడ ఒకచోట కలిశాయి. తర్వాత హ్యూబర్ట్ దంపతులు సూర్యాపేటకు, ఉన్రూ దంపతులు జనగామకు, నల్గొండకు వచ్చారు. 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చి రష్యా నుంచి రావాల్సిన పైకం ఆగిపోయింది. అమెరికాలోని మెనోనైట్ బ్రదరన్‌లు వేరుగా వచ్చి నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, శంషాబాద్‌లలో పనిచేశారు. ఆర్థిక మాంద్యంలో చితికిన బాప్టిస్టులు 1937లో మహబూబ్‌నగర్, గద్వాలలను వాళ్లకు అప్పగించారు. ఫలితంగా మెనోనైట్ నాటిన నల్గొండ బాప్టిస్టులకు మిగిలింది, బాప్టిస్టు నాటిన పాలమూరు మెనోనైట్ బ్రదరన్ (ఎం.బి.) చర్చి అయింది. నల్గొండ వైపు కూతుర్ని ఇచ్చి పాలమూరు కోడల్ని తెచ్చుకునే కుటుంబాలకు ఈ తేడా పెద్దగా పట్టింపు లేదు.

వీటన్నిటికీ ముందే ఒంగోలు వైపు ఒక దారి పడింది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, యోగసాధన చేసినవాడు, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి, తాను నమ్మినదాన్ని చుట్టాలకు చెప్పాడు. చెప్పులు కుట్టే చోట, తోళ్లు అమ్మే చోట, పెళ్లిళ్లలో ఆ మాట పాకింది. కరువు తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారని లోకమంతా చెప్పుకుంది. ఆ అంకె వెనక పన్నెండేళ్ల చుట్టరికపు కబుర్లు ఉన్నాయి. ఒంగోలు మిషనరీ క్లవ్ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ఈ మాదిగ కుటుంబాల జ్ఞాపకాలను పుస్తకం చేసి, దానికి ‘చెప్పులు కుడుతూ’ అనే అర్థమొచ్చే పేరు పెట్టింది. అంతకన్నా సరైన పేరు దొరకదు. చేరినవాళ్ల ముందు అప్పట్లో పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడూ ఊరందరి కంటా పడేవే. వెట్టికి పిలిస్తే రాని మనిషిని, జాతరలో డప్పు పట్టని మనిషిని ఊరు గమనించకుండా ఎట్లా ఉంటుంది? దెబ్బలు పడ్డాయి, ప్రశ్నలూ వచ్చాయి.

మహబూబాబాద్ పక్కన ఉన్న దోర్నకల్‌లో బిషప్ అజరయ్య చుట్టాలు చుట్టాలకు చెప్పుకునే ఈ తీరునే పద్ధతిగా మార్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడాయన. బాప్తిస్మం తీసుకునే ప్రతివాళ్ల చేతా తల మీద చేతులు పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు కీడేనన్న పౌలు మాటను పలికించేవాడు. అక్షరం రాని ముసలమ్మ దగ్గర్నుంచి జీతగాడి దాకా అందరికీ అదే మాట. 1945లో ఆయన కన్నుమూశాడు. అదే ఏడు శంషాబాద్‌లో మిషనరీ డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ కూడా. 1907లో వచ్చిన ఆమె నాగర్‌కర్నూల్, దేవరకొండ, శంషాబాద్‌లలో మందులిస్తూ, పురుళ్లు పోస్తూ ఇక్కడే ముసలిదైంది. ఆమె వెంట బైబిలు స్త్రీలు ఉండేవాళ్లు. చాలామంది వితంతువులు. మగ బోధకుడు దాటలేని వాకిళ్లు వాళ్లకు తెరుచుకునేవి. బియ్యంలో రాళ్లు ఏరుతూ, పసిపిల్లకు నలుగు పెడుతూ పాట నేర్పి వచ్చేవాళ్లు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథకు వస్తాను.

పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో మెనోనైట్ బ్రదరన్ మిషనరీ దంపతులకు పుట్టాడు. తెలుగు వింటూ పెరిగాడు. అమెరికా వెళ్లి మానవశాస్త్రం చదివాడు. 1960 నుంచి 1965 దాకా మళ్లీ ఇక్కడే ఉన్నాడు. పాలమూరు జిల్లా కొండూరు గ్రామంలోని కులాలు, పంచాయితీలు, పండుగల మీద ఆయన రాసిన పుస్తకం 1971లో అచ్చయింది. మన పల్లెను అంత ఓపికగా చూసినవాళ్లు తక్కువ. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతిని ఆయన తర్వాత తన రాతల్లో చెప్పాడు.

ఒకరోజు ముచ్చింతల సంఘపెద్ద ఎల్లయ్య వచ్చి ఆయన పాఠం చెబుతున్న తరగతి గది గుమ్మంలో నిలబడ్డాడు. చాలా దూరం నడిచి అలసిపోయి ఉన్నాడు. ఊళ్లో మశూచి పడింది. పెద్దమనుషులు సోదె అడిగితే, మైసమ్మకు కోపమొచ్చింది, దున్నపోతును బలి ఇస్తే తప్ప చల్లబడదని జవాబొచ్చింది. పోతును కొనడానికి ఇంటింటికీ చందా ఎత్తారు. క్రైస్తవుల ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు ఇవ్వమన్నారు. ఎక్కువ వద్దు, ఒక్క పైసా చాలన్నారు పెద్దలు. ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి రాకపోతే అమ్మ శాంతించదు కదా.

ఇక్కడ ఊరివాళ్లను దుర్మార్గులనుకుంటే కథ అర్థం కాదు. అమ్మ పొలిమేర కాస్తుంది, పొలిమేర అందరిదీ. ఒక్క ఇల్లు కాదన్నా ఊళ్లోని పిల్లలందరికీ ముప్పే. పిల్లలు చనిపోతున్న ఊరి భయం అది. ఎల్లయ్యకూ ఆ భయం తెలుసు, ఆయనా ఆ నీళ్లు తాగే పెరిగాడు. అయినా ఇవ్వలేదు. బాయి దగ్గర నీళ్లు బంద్ చేశారు. కోమట్లు సరుకులు అమ్మడం ఆపేశారు. కొన్నాళ్లకు సంఘంలోనే కొందరు మెత్తబడ్డారు. పైసా పారేద్దాం, మనసులో లేదని దేవుడికి చెప్పుకుందాం అన్నారు. ఎల్లయ్య ఒప్పుకోలేదు. ఇంతలో ఒక క్రైస్తవ కుటుంబంలోని ఆడపిల్లకే మశూచి సోకింది. ఆ పిల్ల కోసం ప్రార్థన చేయమని అడగడానికి వచ్చాడు ఎల్లయ్య.

ఇద్దరూ మోకాళ్లూనారు. ఆ క్షణంలో తన మనసు అల్లకల్లోలమైందని హీబర్ట్ రాసుకున్నాడు. చిన్నప్పుడు ప్రార్థన నేర్చుకున్నాడు, వేదాంతశాస్త్రం చదివాడు, రోగం సూక్ష్మక్రిమి వల్ల వస్తుందనీ తెలుసు. కానీ ఊరంతా చూస్తుండగా, పందెం కాసినట్టు, దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. తర్వాత 1982లో ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసంలోని ఆలోచన ఇట్లాంటి రోజుల నుంచే పుట్టింది. పాశ్చాత్య చదువులో పైన పరలోకం, కింద విజ్ఞానశాస్త్రం ఉన్నాయనీ, దిష్టి, గాలి, శకునం, అమ్మతల్లి కోపం లాంటివాటితో మనుషులు రోజూ కుస్తీ పట్టే మధ్య అంతస్తు ఖాళీగా ఉందనీ అందులో రాశాడు.

వారం తర్వాత ఎల్లయ్య మళ్లీ వచ్చాడు. పిల్ల చనిపోయింది.

హీబర్ట్ తాను పూర్తిగా ఓడిపోయాననుకున్నాడు. కొన్ని వారాలకు మళ్లీ వచ్చిన ఎల్లయ్యలో మాత్రం ఓటమి కనబడలేదు. ఆయన చెప్పినదాని సారం ఇది: పిల్ల బతికి ఉంటే మా దేవుడికి శక్తి ఉందని ఊరు ఒప్పుకునేదే. కానీ బతికినా ఆ పిల్ల ఎప్పటికైనా పోవాల్సిందేనని వాళ్లకు తెలుసు. భూస్థాపన రోజు వచ్చి చూశారు. తిరిగి లేస్తుందనీ, మళ్లీ కలుసుకుంటామనీ మేం నమ్మడం చూశారు. అది చావు మీదే గెలుపని వాళ్లకు తోచింది. ఇప్పుడు ఈ మార్గం గురించి అడుగుతున్నారు.

నీళ్లు బంద్ చేసిన ఊరే ఆ భూస్థాపనను చూసింది. మన దగ్గర చావుకు కట్టుబాటు అడ్డు రాదు. అక్కడ వాళ్లు విన్న పాటలు ఏవో, గుప్పెడు మన్ను వేసేటప్పుడు ఆ తల్లి ఎట్లా నిలబడిందో ఎవరూ రాయలేదు. నేను ఊహించి రాయను. కానీ పల్లెలో క్రైస్తవ భూస్థాపన చూసినవాళ్లకు తెలుసు, ఏడుపు ఉంటుంది, ఏడుస్తూనే అందుకునే పల్లవీ ఉంటుంది. కొన్నాళ్లకు ఆదరణ కూటం పెడతారు. పిలవకపోయినా ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటారు. ముచ్చింతలలో సువార్త చెప్పింది ఆ భూస్థాపన. పిల్ల బతకాలని మనసారా కోరుకుని, బతకకపోయినా పైసా ఇవ్వనందుకు చింతించని కుటుంబాలు చెప్పాయి. ఇందులో హీబర్ట్ గొప్పతనమేమిటంటే, గురువు తాను కాదనీ ఎల్లయ్యేననీ దాచకుండా రాయడం.

1978లో ఆయన మరో ప్రశ్న లేవనెత్తాడు. పాపయ్య అనే చదువురాని రైతు సాయంత్రం పొలం నుంచి వచ్చి, ఇంట్లో అన్నం ఇంకా ఉడుకుతుండగా, ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషి చెప్పిన యేసు కథ ఒక్కసారి వింటాడు. ఆయనకు తెలిసిన దేవుళ్లు చాలామంది. అంతా విని తల వంచి ప్రార్థిస్తాడు. పాపయ్య క్రైస్తవుడైనట్టేనా? ఎంత తెలుసని కొలిస్తే కాలేదు. ఎటు తిరిగాడని చూస్తే, క్రీస్తు వైపు మొదటి అడుగు వేశాడు. ప్రపంచమంతటా వేదాంత కళాశాలల్లో ఈ ప్రశ్న ఇప్పటికీ పాఠం. అది పుట్టింది తెలుగు పల్లెటూరి అరుగు మీద అన్న సంగతి మన సంఘాల్లోనే చాలామందికి తెలియదు.

స్వాతంత్ర్యం తర్వాత కథ ఒక్క తాడుగా సాగదు. సాయుధ పోరాటం, పోలీసు చర్య నల్గొండ పల్లెల్ని కుదిపేశాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేకుండా పోయింది. తర్వాత రాష్ట్రం బీసీ-సి అని ఒక చిన్న వాటా ఇచ్చింది. దాంతో సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు పెట్టుకున్న తరాలు వచ్చాయి. పైసా విషయంలో రాజీపడని ఎల్లయ్య మనుమలకు కాగితం మీద తాము ఎవరో చెప్పుకోవడమే కష్టమైంది. ఇది అన్యాయమని నేను నమ్ముతాను. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. ఎదుటివాణ్ణి మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో చెప్పింది. చూసి తానే వచ్చి అడిగిన పొరుగువాడు ఈ రెండింటిలో దేని కింద వస్తాడో చట్టం చెప్పలేదు.

మిషనరీలు వెళ్లిపోయారు. జడ్చర్లలోని మిషన్ ఆస్పత్రి తెలుగు డాక్టర్ల చేతికి వచ్చింది. పాలమూరు కూలీలు మూటాముల్లె సర్దుకుని బొంబాయి వెళ్తూ పాటల పుస్తకాన్ని కూడా సర్దుకున్నారు. అక్కడి బస్తీల్లో తెలుగు ఆరాధనలు మొదలైంది అట్లాగే. స్వతంత్ర సంఘాలు, పెంతెకొస్తు ప్రార్థనా మందిరాలు, మైకులు, యూట్యూబు ఛానళ్లు వచ్చాయి. స్వస్థత సభల పోస్టర్లు గోడలకెక్కాయి. పిల్ల బతకకపోతే ఏం చెప్పాలో ఆ పోస్టర్లలో ఉండదు. ఒకప్పుడు జాతర వాయిద్యమని పక్కన పెట్టిన డప్పు కొన్నిచోట్ల ఆరాధనలోకి తిరిగి వస్తోంది. నాకది సంతోషం.

ఇంకొక్క పని మిగిలి ఉంది. షెల్లెన్‌బర్గ్ వెంట తిరిగిన బైబిలు స్త్రీల మనుమరాళ్లు, ఫ్రీజెన్ తర్వాతి కాలంలో గూడెం బళ్లు నడిపిన పంతుళ్ల కొడుకులు ఇప్పుడు వృద్ధులు. నల్గొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ పాత సంఘాల్లోని అయ్యగార్లు ఈ వేసవిలోనే బాప్తిస్మాల, పెళ్లిళ్ల, భూస్థాపనల రిజిస్టర్లు తీసి ఫొటోలు తీయించి పెట్టాలి. ఫలానా ఊరికి మొదట వచ్చి పాట నేర్పిందెవరని ఆ ముసలివాళ్లను అడిగి, చెప్పిన పేరును చెప్పినట్టే రాసుకోవాలి.