అతిశుద్ధ జలం: చిప్ ఫ్యాక్టరీకి ఆగకూడని ధార

కరిగిన లవణాలు, వాయువులు, సేంద్రియ పదార్థాలు, సూక్ష్మజీవులు, నలుసులు దాదాపు ఏమీ మిగలకుండా తీసేసిన నీటిని అతిశుద్ధ జలం అంటారు. సెమీకండక్టర్ ఫ్యాక్టరీల్లో సిలికాన్ వేఫర్లను ఒక్కో రసాయన దశ దాటగానే కడిగేది ఈ నీటితోనే. దీని నాణ్యతకు మొదటి గుర్తు విద్యుత్ నిరోధకత. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 18.2 మెగాఓమ్-సెంటీమీటర్లు ఉండాలి. అంతకుమించి పెరగడానికి ప్రకృతే ఒప్పుకోదు, ఎందుకంటే నీటి అణువులు తమంతట తాము విడిపోయి పుట్టించే అయాన్లు ఎప్పుడూ ఉంటాయి. సేంద్రియ కర్బనమైతే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం లోపే ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, సోడియం అయాన్లు ట్రాన్సిస్టర్ గేటు కింది ఆక్సైడ్ పొరలో చేరితే అక్కడ నిలకడగా ఉండవు. అటూ ఇటూ కదులుతూ, ట్రాన్సిస్టర్ ఎంత వోల్టేజీకి ఆన్ కావాలన్న లెక్కనే మార్చేస్తాయి. బోరాన్ కథ ఇంకా చిత్రం. సిలికాన్‌కు పి-రకం గుణం తేవడానికి ఫ్యాక్టరీలో కొలిచి మరీ కలిపే మూలకం అదే. నీళ్ల వెంట పిలవని పేరంటానికి వస్తే మాత్రం పని చెడుతుంది. సిలికా మిగిలితే వేఫర్ ఆరేటప్పుడు మరక కడుతుంది.

తూర్పు హైదరాబాద్‌లో ఇలాంటి నీరు తయారు చేయాలంటే పని నేల నుంచే మొదలవుతుంది. సైనిక్‌పురి, ఈసీఐఎల్, నాచారం, ఉప్పల్ కింద ఉన్నది గ్రానైట్. ఇక్కడ బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ఆర్వో పొరలను మూసేసేదీ ఆ జాతి గారే. నల్లాల్లో వచ్చే కృష్ణా, గోదావరి, మంజీర నీళ్ల తీరు వేరు, వానాకాలంలో నది నీటి తీరు మరీ వేరు. గట్టి నీటికి మందు ఉంది. ఒక వారం నల్లా నీరు, మరో వారం బోరు, ఎండాకాలంలో ట్యాంకరు అన్నట్టు పూటకో రకంగా మారే నీటితోనే ప్లాంటు నడిపేవాళ్లకు అసలు తలనొప్పి.

నాచారం పారిశ్రామికవాడ వైపు మందుల కంపెనీలవాళ్లకు శుద్ధజలం కొత్త కాదు. అయితే ఇంజెక్షన్ల తయారీ నీటికి సేంద్రియ కర్బనం వంద కోట్లలో 500 భాగాల దాకా అనుమతిస్తారు. చిప్పుల లెక్క దానికి ఐదు వందల రెట్లు కఠినం. మందుల నీటిలో భయం బ్యాక్టీరియా వదిలే విషాలైన ఎండోటాక్సిన్లది. చిప్పు విషయంలో బతికిన బ్యాక్టీరియా ఎంతో, చచ్చిన బ్యాక్టీరియా కూడా అంతే. రెండూ నలుసులే.

శుద్ధి ఇలా సాగుతుంది. ఇసుక ఫిల్టరు, యాక్టివేటెడ్ కార్బన్ దాటాక నీరు రెండు విడతల ఆర్వోలోకి పోతుంది. కరిగిన వాయువులను పొరల గుండా లాగేస్తారు. ఆపై విద్యుత్తుతో అయాన్లను వేరుచేసే ఈడీఐ యూనిట్, నైట్రోజన్ కప్పిన ట్యాంకు. నైట్రోజన్ ఎందుకంటే, గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్ కరిగి నిరోధకత నిమిషాల్లో పడిపోతుంది. ట్యాంకు నుంచి 185 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, మిశ్రమ రెజిన్, అల్ట్రాఫిల్టర్ మీదుగా పీవీడీఎఫ్ ప్లాస్టిక్ గొట్టాల్లో యంత్రాలకు చేరుతుంది. మిగిలినది తిరిగి ట్యాంకుకే వస్తుంది.

ఆ చక్రం ఆగకూడదు. నీరు నిలిస్తే గొట్టాల లోపలి గోడకు బ్యాక్టీరియా జిగురు పడుతుంది. ఒకసారి పట్టాక కడిగి, పరీక్షించి, మళ్లీ నాణ్యత రాబట్టడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడతాయి. అందుకే అదనపు పంపులు, జనరేటర్లు ఇక్కడ హంగు కోసం కాదు.

మీటరు అంతా బాగుందని చూపిస్తుండగానే జరిగే మోసం ఒకటుంది. పొలాల్లో చల్లిన యూరియా వాగులు, కాలువల ద్వారా నీటి వనరుల్లో చేరుతుంది. దాని అణువు చిన్నది, విద్యుదావేశం లేనిది. ఆర్వో పొర గుండా చాలావరకు జారిపోతుంది, రెజిన్‌కు చిక్కదు, అతినీలలోహిత కాంతికీ అంత తేలిగ్గా లొంగదు. అయాన్ కాదు గనుక నిరోధకత మీటరు 18.2 దగ్గరే నిలబడి ఉంటుంది. అవతల వేఫర్ మీద కాంతితో సర్క్యూట్ గీసే లితోగ్రఫీలో గీతలు మాత్రం వంకర పోతాయి. వరి ఆయకట్టు ఉన్న ఏ నదీ పరీవాహకంలోనైనా ఈ జాగ్రత్త తప్పదు.

కొలవడానికి కావలసిన విద్య సైనిక్‌పురి పక్కనే ఉంది. 1967లో ఏ.ఎస్.రావు సారథ్యంలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఆ తర్వాత అణు ఇంధన సముదాయం వెలిశాయి. భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన పదార్థాల విశ్లేషణ కేంద్రం ఈసీఐఎల్ ప్రాంతంలోనే వంద కోట్ల భాగాల స్థాయి మలినాలను లెక్కగడుతుంది. చర్లపల్లిలోని సీ-మెట్ పరిశోధన సంస్థ అతిశుద్ధ లోహాల మీద పనిచేస్తుంది. ఇలాంటి ల్యాబుల్లో విశ్లేషకులు ముందు తమ నీటినే పరీక్షిస్తారు. నమూనా వేయని ఆ ఖాళీ కొలతను ‘బ్లాంక్’ అంటారు. అది ఎక్కువగా ఉంటే ఆ రోజు ఫలితాలేవీ నమ్మరు.

చిప్పుల ఫ్యాక్టరీ మాట వేరు. డీఆర్‌డీఓకు చెందిన గేటెక్ నగరంలో గాలియం ఆర్సెనైడ్ చిప్పులు చేస్తోంది, అదీ రక్షణ అవసరాలకు సరిపడా చిన్న మోతాదులో. పెద్ద చిప్ ఫ్యాక్టరీ (ఫ్యాబ్) కోసం 2006లో సెమ్‌ఇండియా అనే కంపెనీ ప్రకటనతో మహేశ్వరం మండలం రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీకి భూమి కేటాయించారు. చిప్పుల ఫ్యాబ్ రాలేదు. విచిత్రమేమిటంటే, ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు, ఫ్రెంచ్ సహచరులు గ్రానైట్ నేలలో అడుగంటుతున్న భూగర్భజలాలను ఏళ్ల తరబడి కొలిచింది ఆ మహేశ్వరం పరీవాహకంలోనే.

నీటి అవసరం ఏమంత చిన్నది కాదు. ఒక 300 మిల్లీమీటర్ల వేఫర్‌కు సుమారు 8,300 లీటర్ల నీరు పడుతుందని, అందులో 5,700 లీటర్లు అతిశుద్ధ జలమని తరచూ ఉదహరించే అంచనా. గుజరాత్‌లోని ధోలేరాలో తలపెట్టిన టాటా ఫ్యాబ్ సామర్థ్యం నెలకు 50,000 వేఫర్లు. ఆ అంచనాతో గుణిస్తే నెలకు 28.5 కోట్ల లీటర్ల అతిశుద్ధ జలం. 2021 కరవులో తైవాన్ చిప్ కంపెనీలు ట్యాంకర్లతో నీళ్లు తెప్పించుకున్నాయి. సింగపూర్ 2003 నుంచి మురుగునీటిని శుద్ధిచేసిన ‘న్యూవాటర్’ను ఫ్యాబ్‌లకు ఇస్తోంది. అక్కడికి వచ్చే నీటి తీరు ఏడాది పొడవునా పెద్దగా మారదు, ప్లాంటువాళ్లకు కావలసిందీ అదే. ఫ్యాబ్ లోపల కూడా ఆమ్లాల నీరు, ఫ్లోరైడ్ నీరు, చివరి కడుగు నీరు వేర్వేరు గొట్టాల్లో పోతాయి. చివరి కడుగు నీరు చాలాసార్లు నల్లా నీటికంటే శుభ్రంగా ఉంటుంది గనుక దాన్ని నేరుగా శుద్ధి వరుస మొదటికి మళ్లిస్తారు.