తండ్రి లేడు, తాత ఉన్నాడు

మా తాతయ్యకి అంబాజీపేట దగ్గర కొబ్బరితోట ఉండేది. ఓ వేసవిలో చెట్ల కింది మట్టలన్నీ మంట తగిలినట్టు ఎండిపోయాయి. నల్లతల గొంగళిపురుగు పని అది. ఆకు అడుగున చేరి పచ్చదనమంతా గీకి తినేస్తుంది. తాతయ్య ఊళ్లోని ఉద్యాన పరిశోధన కేంద్రం నుంచి ఓ చిన్న సీసా తెచ్చి మూత తీశాడు. దోమంత కందిరీగలు ఎగిరిపోయాయి. "పురుక్కి యముణ్ణి తెచ్చాన్రా" అన్నాడు.

ఆ యముడి పేరు బ్రాకాన్ హెబెటర్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నిజానికి యముడు కాదు, ఆడదే. కుట్టి పురుగుని కదలకుండా చేసి, దాని మీద గుడ్లు పెట్టేది ఆడ కందిరీగ. మగది కుట్టదు. ఫలదీకరణ జరిగిన గుడ్డులోంచి 20 క్రోమోజోములతో ఆడది వస్తుంది. జరగని గుడ్డులోంచి 10 క్రోమోజోములతో, ఒక్క సెట్టుతోనే, మగది వస్తుంది. అంటే మగవాడికి తండ్రి లేడు, తల్లి వైపు తాత ఉన్నాడు! పోతుటీగలు ఇలాగే పుడతాయని సైలీషియాలో యాన్ జీర్జోన్ అనే మతగురువు 1845లోనే అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు.

ఒక సెట్టయితే మగ, రెండయితే ఆడ. ఇంత తేలికా అనుకున్నాను. కానీ అమెరికాలో పి. డబ్ల్యు. వైటింగ్ ఈ బ్రాకాన్‌నే పెంచుతుంటే, దగ్గరి చుట్టాల మధ్య సంకరం చేసిన చోట రెండు సెట్లున్న మగవి కూడా కనిపించాయి. 1943లో ఆయన దీనికి కారణం వివరించాడు. లింగాన్ని తేల్చేది ఒక జన్యుస్థానం. అక్కడ రెండు వేర్వేరు రూపాలుంటేనే ఆడ. ఒక్కటే ఉన్నా, రెండూ ఒకటే అయినా మగ.

తల్లిలో ఉన్న రెండు రూపాల్లో ఒకటి జతగాడిలోనూ ఉంటే, ఆడవి కావలసిన గుడ్లలో సగం మగవైపోతాయి. రెండు సెట్లున్న ఆ మగవి చాలావరకు బతకవు. నాలాంటి కోడు రాసేవాడికి రెండో కాపీ అంటే బ్యాకప్పే. ఇక్కడ మాత్రం అచ్చు అదే కాపీ ఉండి లాభం లేదు, తేడా ఉండాలి.

అందుకే ఏ పెంపకశాలైనా తరాల తరబడి నాలుగు గోడల మధ్యే ఆ కందిరీగల సంబంధాలు కలుపుకుంటూ పోతే కష్టం. అప్పుడప్పుడూ తోటల్లోంచి కొత్త రక్తం తెచ్చి కలపాలి. లేకపోతే ఆడవి తగ్గిపోతాయి, కొబ్బరాకు మీది పురుగు మాత్రం హాయిగా ఉంటుంది.

ఇప్పుడు తోటలో ఎవరైనా ఆ సీసా మూత తీస్తుంటే, ఇందులో ఆడవి ఎన్ని అని అడగాలనిపిస్తుంది.