ఊరు వదిలి వెళ్లిన ఊరు

మా పట్టణం మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలకు రేపే గడువు ఆఖరు. ఆఫీసు వరండాలో తగిలించిన పటంలో మా వీధి ఉంది గానీ దాని చివరనున్న చెరువు లేదు. అర్జీ రాద్దామని కూర్చుంటే చీరాల గుర్తొచ్చింది. ఇక అర్జీ పక్కకుపోయింది.

ఊరి వ్యవహారం పదిమందీ కూడి చూసుకోవడం ఆ సీమకు పాత అలవాటే. భట్టిప్రోలు బౌద్ధ ధాతుకరండాల మీద క్రీస్తుకు పూర్వమే 'నిగమ' అనే సంఘం సభ్యుల పేర్లు చెక్కారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, వర్తకులు కట్టాల్సిన సుంకం ఎంతో రాతి మీదే చెప్పాడు. పన్ను వేసేవాడు ముందుగా చెప్పి వేయడం, ఎంత మర్యాద! అక్కడి నుంచి ఒక్క గెంతులో మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజులకు వచ్చేద్దాం.

నేతగాళ్ల ఊళ్లు చీరాల, పేరాల. మద్రాసు ప్రభుత్వం రెంటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి రూ.4,000 ఉన్న పన్ను రూ.40,000కు చేరింది. మాకీ హోదా వద్దు మొర్రో అని జనం అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నారు. (ఇప్పుడు హోదా పెంచమని ధర్నాలు చేస్తున్నాం, అది వేరే కథ.) అప్పుడు రంగంలోకి దిగినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎమ్మే చదివొచ్చి, కాషాయాలూ రుద్రాక్షలూ వేసుకున్న కుర్రాళ్లతో 'రామదండు' కట్టిన మనిషి. చాటువులు ఆశువుగా చెప్పగలడు. పన్ను కట్టబోమన్నందుకు జనం జైళ్లకెళ్లారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పాడు: పన్ను కట్టడం మానేయడం, లేదా ఊరే ఖాళీ చేయడం.

జనం కష్టమైన దారే పట్టారు. సుమారు 15,000 మందిలో 13,000 మంది మునిసిపల్ హద్దు దాటి గుడిసెలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. పైన ఎండ, తర్వాత వాన, చేతిలో మగ్గం పని అంతంతమాత్రం. అయినా దాదాపు పదకొండు నెలలు. వెనక ఖాళీ వీధుల్లో మునిసిపాలిటీ ఎవరిని పాలించిందో ఊహించుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చివరికి గోపాలకృష్ణయ్యకు ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్లాడు. జనం మెల్లగా ఇళ్లు చేరారు. నిజం చెప్పాలంటే అది పన్ను పోరాటం, ప్లాను పోరాటం కాదు. కానీ 'మమ్మల్ని అడక్కుండానా?' అన్న కోపం ఒక్కటే.

తర్వాత కథ అంత సాఫీగా సాగదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చి, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకు వార్డు కమిటీలుండాలన్నది. మా కాలనీలో ఎవరినడిగినా 'అదేంటండీ?' అంటారు. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ పొలాలను పారిశ్రామిక జోన్‌గా చూపించిన ముసాయిదాపై కలెక్టరేట్ ముట్టడించారు. నెల తిరక్కుండా పురపాలక సంఘం దాన్ని రద్దు చేస్తూ తీర్మానించింది.

మాకు ముట్టడికి జనం లేరు. జిరాక్సు షాపు మూసేలోగా పటం నకలు తీయించి, దాని మీద చెరువును పెన్సిలుతో గీయాలి.