ఖాళీ

ఇందిరాపురంలో అద్దె ఇళ్ల గేట్లకు ‘కమరా ఖాళీ హై’ అన్న అట్ట వేలాడుతుంటుంది. హైవే దాటితే నోయిడా సెక్టార్ 62 ఆఫీసులు. అక్కడ సర్వర్ మొరాయిస్తే మన తెలుగు పిల్లలు ‘డిస్కులో ఖాళీ లేదు’ అంటారు. తీరా చూస్తే ఒక్కోసారి సగం డిస్కు మిగిలే ఉంటుంది. అయినా ఆ మాటను కొట్టిపారెయ్యలేం. ఖాళీ అరబ్బీ పదం, పారశీకం, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. అక్కడా, హిందీలోనూ విశేషణమే. మనం దాన్ని నామవాచకం చేసి బహువచనం కూడా తగిలించాం: ఉద్యోగ ఖాళీలు. హిందీవాళ్లు వాటిని ‘రిక్త్ పద్’ అంటారు. ‘ఇప్పుడు ఖాళీ లేదండీ’ అన్నప్పుడు అదే తీరిక. పక్కన మన ‘చోటు’ను పెట్టి చూడండి. చోటు విస్తీర్ణం, ఖాళీ లెక్కపెట్టగల స్థానం. డిస్కుకు ఈ తేడా అచ్చంగా సరిపోతుంది. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ ఇస్తుంది. యజమాని, పరిమాణం, తేదీలు, సమాచారం ఏ బ్లాకుల్లో ఉందో అన్నీ అందులోనే, పేరు మాత్రం డైరెక్టరీలో. ఈ ఐనోడ్‌ల సంఖ్య ఫార్మాట్ చేసేటప్పుడే ఖాయమవుతుంది: మామూలుగా 16 కిలోబైట్లకు ఒకటి, ఒక్కోటి 256 బైట్లు. 100 జీబీకి దాదాపు 65 లక్షలు. చిట్టిచిట్టి ఫైళ్లు ఆ లెక్కను నింపేస్తే కొత్త ఫైలు పుట్టదు. చోటుంది, ఖాళీ లేదు! ‘డీఎఫ్ మైనస్ ఐ’ అన్న కమాండ్ కొడితే సంగతి తేలుతుంది. మరో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే అవసరాన్ని బట్టి ఐనోడ్‌లను కేటాయిస్తుంది. మళ్లీ మాట దగ్గరికొస్తే, ‘ఖాళీ’కి మూలమైన అరబ్బీ ధాతువు నుంచే ఏకాంతానికి ‘ఖల్వత్’ వచ్చింది, ఉర్దూలో అంతరిక్షానికి ‘ఖలా’ కూడా.