తాతగారి హెచ్ఎంటీకి ఒరిజినల్ ముళ్లు వేయించాలా?

ఇంట్లో బీరువా సర్దుతుంటే తాతగారి హెచ్ఎంటీ జనతా దొరికింది అనుకోండి. కీ ఇస్తే టిక్కుటిక్కుమని నడుస్తోంది కూడా. షాపుకి తీసుకెళ్తే అక్కడాయన మూత విప్పి, "ముళ్లు వేరే వాచీవి, కీ వేరేది, అద్దం తర్వాత వేసింది" అన్నాడు. ఇప్పుడేం చేయాలి? అవన్నీ పీకేసి ఒరిజినల్ వేయించాలా? దీనికి జవాబు కావాలంటే, అసలు ఈ "ఒరిజినల్" పట్టింపు ఎప్పుడు మొదలైందో చూడాలి.

హెచ్ఎంటీ వాచీలు 1961లో బెంగళూరులో మొదలయ్యాయి. జపాన్‌కి చెందిన సిటిజన్ కంపెనీ సాయం చేసింది. తొలి వాచీల్ని విడుదల చేసింది నెహ్రూ. ఆ తర్వాత జనతా, పైలట్, సోనా, కోహినూర్ అంటూ ఎన్నో వచ్చాయి. మన ఊళ్లలో పెళ్లంటే అల్లుడికి వాచీ పెట్టాల్సిందే. సైకిలు, రేడియో, వాచీ, ఈ మూడూ వచ్చాయంటే అల్లుడు నడిచే తీరే వేరు! అలా చేతికెక్కిన వాచీ ముప్ఫై ఏళ్లు దిగేది కాదు. పొలంలో, ఆఫీసులో, బస్సులో, ఎండలో, చెమటలో అదే వాచీ. రోజూ తిప్పీ తిప్పీ కీ అరిగిపోతుంది. ప్లాస్టిక్ అద్దం గీతలు పడి మసకబారుతుంది. చెమట లోపలికి దిగితే ముళ్లకి తుప్పు పడుతుంది.

అప్పుడు బస్టాండు పక్కన చిన్న గాజుపెట్టె ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకున్నాయన దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆయన డబ్బాలో ఏ ముల్లు సరిపోతే అది వేసేవాడు. చాలాసార్లు అది ఇంకో చచ్చిపోయిన వాచీలోంచి తీసిందే. "ఇది ఒరిజినలేనా" అని ఎవరూ అడగలేదు. టైము కరెక్టుగా చూపిస్తుందా లేదా, అంతే. స్విస్ కంపెనీలు కూడా సర్వీసుకి వచ్చిన వాచీకి డయల్ పాడైతే మామూలుగా కొత్తది వేసి పంపేవి. కస్టమర్ సంతోషంగా తీసుకెళ్లేవాడు.

కథ మారింది క్వార్ట్జ్‌తో. 1969 డిసెంబర్ 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. మన దగ్గర 1984లో టైటాన్ పుట్టింది, బ్యాటరీ వాచీలతో మార్కెట్‌ని లాగేసుకుంది. హెచ్ఎంటీ తట్టుకోలేకపోయింది. 2016 జనవరిలో కేంద్రం హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకి ఒప్పుకుంది. కీ ఇచ్చే వాచీతో టైము చూసుకునే అవసరం తీరిపోయాక, అది సేకరించే వస్తువైంది. అప్పుడు పుట్టింది ఈ ఒరిజినల్ పట్టింపు. 2017లో న్యూయార్క్‌లో నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా కోటీ 77 లక్షల డాలర్లకి పైగా పలికింది. ఆ రకం డేటోనాకి అంత పేరు తెచ్చింది డయలే. లోపలి మెషీన్ అప్పటి మామూలు డేటోనాల్లో ఉన్నదే.

ఈ మోజు మన దాకా వచ్చేసరికి ఇంకో వేషం వేసింది. ఆన్‌లైన్‌లో తళతళలాడే నారింజ, ఆకుపచ్చ డయళ్లతో "పాత హెచ్ఎంటీ" అని అమ్ముతున్నవి చూసే ఉంటారు. పాత మెషీన్ మీద నిన్నగాక మొన్న ముద్రించిన డయల్ పెట్టినవి అందులో బోలెడు.

కాబట్టి నా లెక్క ఇది. ఆ భాగం ఎప్పుడు మారింది, ఎందుకు మారింది? వాచీ పనిలో ఉన్న రోజుల్లో, నడవడం కోసం వేసిన ముల్లయితే ఉంచేయండి. అది తాతగారి చేతి మీద తిరిగిన ముల్లు. కొనేవాణ్ణి నమ్మించడానికి వేసిన డయలైతే మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒకదానికొకటి తగిలే ముళ్లు, నీళ్లు లోపలికి పోనిచ్చే కీ అయితే మాత్రం ఏ కాలంవైనా సరే తీసేయాల్సిందే, లేకపోతే మెషీన్ పోతుంది. అద్దం, స్ప్రింగు, బెల్టు అరిగిపోయేవే, వాటికి ఒరిజినల్ గొడవెందుకు? డయల్‌ని మాత్రం కడిగించకండి, రంగు వేయించకండి. అక్షరాలు ఒక్కసారి చెరిగాయంటే మళ్లీ రావు.

ఇంకో సంగతి. ఫ్యాక్టరీ మూతపడింది కదా, మరి ఆ ఒరిజినల్ ముల్లు ఎక్కణ్ణుంచి వస్తుంది? షాపులో మిగిలిన పాత స్టాకు దొరికితే సరే. లేదంటే మీ వాచీ బాగుపడటానికి ఇంకెవరి తాతగారి వాచీనో ముక్కలు చేయాలి. అలా విప్పిన వాచీలు మళ్లీ వాచీలు కావు.

ఏదైనా మార్పిస్తే, తీసిన భాగాన్ని షాపులో వదలకండి. చిన్న కవర్లో వేసి, తేదీ రాసి వాచీతోనే దాచండి. ఇక ఆ ముల్లు ఎప్పుడు, ఎక్కడ మారిందో నానమ్మకి గుర్తుండొచ్చు. షాపుకి వెళ్లేముందు ఆవిడ పక్కన కాసేపు కూర్చుని అడగండి.