దినారియస్: బొమ్మా, బొరుసూ

క్రీ.పూ. 211 ప్రాంతం. రోము శత్రువు హానిబాల్ సైన్యం ఇటలీలోనే తిష్ఠ వేసి ఉంది. యుద్ధం ఖర్చుకి ఖజానా ఊడ్చుకుపోయిన రోము కొత్త వెండి నాణెం కొట్టించింది. పది కంచు ‘ఆస్’లకు సమానం కనుక దాని పేరు దినారియస్. తూకం సుమారు నాలుగున్నర గ్రాములు. బొమ్మ వైపు శిరస్త్రాణంతో రోమా దేవత. బొరుసు వైపు గుర్రాలు దౌడు తీయిస్తున్న కవలలు కాస్టర్, పోలక్స్. మన అశ్వినీ దేవతలకు దూరపు చుట్టాలనుకోవచ్చు.

టంకశాల కాపిటోలైన్ కొండ మీద, జూనో మొనేటా గుడి దగ్గర ఉండేది. ఇంగ్లీషు ‘మనీ’ ఆ అమ్మవారి పేరులోంచి వచ్చిందే. క్రీ.పూ. 46లో టైటస్ కారీసియస్ అనే టంకశాల అధికారి ఒకవైపు ఆమె తల, రెండోవైపు దాగలి, పట్టకారు, సమ్మెట వేయించాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దినారియస్ ఇదే. దాగలిలో బిగించిన అచ్చు మీద వెండి బిళ్ళ పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి, సమ్మెటతో ఒక్క దెబ్బ. అందుకే చాలా నాణేల మీద బొమ్మ ఓ పక్కకి ఒరిగి ఉంటుంది.

టంకశాల బాధ్యత చూసేది రాజకీయాల్లో అప్పుడప్పుడే అడుగుపెడుతున్న కుర్ర అధికారులు. తాతముత్తాతల విజయాలన్నీ నాణేలకెక్కించేవారు. బతికున్నవాడి బొమ్మ మాత్రం వేసేవారు కాదు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ తల ఆ హద్దు దాటింది. కొద్ది వారాలకే కత్తిపోట్లు. చంపినవారిలో ఒకడైన బ్రూటస్ తర్వాత తానూ నాణెం వేశాడు: రెండు బాకులు, నడుమ విముక్తి పొందిన బానిస పెట్టుకునే టోపీ, కింద హత్య జరిగిన తేదీ. ఒక్కడి పెత్తనం వద్దని కత్తి దూసినవాడు, నాణేన్ని తిప్పి చూస్తే, తన తలే చెక్కించుకున్నాడు!

ఆ తర్వాత బొమ్మ చక్రవర్తుల సొత్తయింది. అగస్టస్, టైబీరియస్ దినారియస్‌లు ఓడలెక్కి మన దేశానికీ వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా దొరికాయి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి తూకం తగ్గించి, వెండిలో కల్తీ పెంచాడు. ఇక్కడి కుండల్లో దాచినవి ఎక్కువగా అంతకుముందువే. మన వర్తకులకు మేలిమి తెలుసు. ఇక రాజుగారి మొహమంటారా, దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేలు కొన్నింట్లో సరిగ్గా దాని మీదే ఉలిగాటు ఉంది.